గింజ మార్చుకునే హక్కు, నుడి నిలుపుకునే హక్కు

పొరుగు రాష్ట్రాల తెలుగువారి భాషాహక్కుల పోరాటమంతా ఇంతవరకు పాఠ్యపుస్తకం చుట్టూ, పరీక్ష చుట్టూ, ఉపాధ్యాయుని కొలువు చుట్టూ తిరిగింది. అది న్యాయమైన పోరాటమే. 2006లో తమిళనాడు శాసనసభ తమిళ బోధన చట్టం చేసి, ఒకటవ తరగతి మొదలుకొని తమిళాన్ని తప్పనిసరి చేసింది. పదవ తరగతి పరీక్షలో తల్లినుడిని నిలబెట్టుకోవడానికి భాషా అల్పసంఖ్యాకులు మద్రాసు హైకోర్టు మెట్లూ, సుప్రీంకోర్టు మెట్లూ ఎక్కుతూనే వచ్చారు. 2023లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఊరట కూడా ఒక్క ఏటికే పరిమితమైనది. అల్పసంఖ్యాకుల హక్కుల కోసం వాదించే న్యాయవాదిగా ఆ పోరాటాన్ని నేను ఇసుమంతైనా తక్కువ చేయను.

అయితే ఆ పోరాటం సాగుతుండగానే పిల్లవాడి ముందున్న పలక మారిపోయింది. పలక స్థానంలో కంప్యూటరు వచ్చింది. ఆ పలకమీద తెలుగు ఉన్నదా లేదా అని అడిగినవారు మనలో ఎందరు? పుస్తకం కోసం కోర్టుకు వెళ్ళిన మనం, యంత్రం కోసం ఒక అర్జీ అయినా పెట్టామా? పెట్టలేదు. అందుకే ఈ వ్యాసం.

మన నేల, మన లెక్క

నేను మాట్లాడుతున్నది ఒట్టపిడారం, ఎట్టయాపురం, కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగరం ప్రాంతాల గురించి. ఇది నల్లరేగడి సీమ. పాంచాలంకురిచ్చి కోట ఈ ఒట్టపిడారం పక్కనే ఉన్నది. 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరికొయ్యకు ఎక్కిన వీరపాండ్య కట్టబొమ్మన ఇంటి నుడి తెలుగు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైచెవల్‌లో పుట్టి, తమిళ సాహిత్యంలో కరిసల్ సీమకు గొంతునిచ్చి, 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్న కి. రాజనారాయణన్ ఇంటి నుడీ తెలుగే. ఆయన రాసినది తమిళంలో. ఎందుకంటే బడి ఆయనకు ఇచ్చిన లిపి అదొక్కటే.

2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగును తల్లినుడిగా నమోదు చేసుకున్నవారు సుమారు 42 లక్షలు, అంటే జనాభాలో నూటికి దాదాపు ఆరుగురు. నమోదు చేసుకోనివారు ఎందరో మనందరికీ తెలుసు. ఈ జనానికి తెలుగు వచ్చు, తెలుగు చదవడం రాదు. ఇంట్లో పలికే మాటను బడిలో నేర్చిన తమిళ లిపిలో రాసుకుంటారు. ఆ లిపి తమిళానికి చక్కగా సరిపోతుంది, తెలుగుకు సరిపోదు. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. ప, బ లకు ఒకటే అక్షరం. ‘కాలి’ అని రాసినా ‘గాలి’ అని రాసినా ఒక్కటే కనబడుతుంది. ‘పాట’కూ ‘బాట’కూ తేడా ఉండదు. లిపి పోయిన నుడి ఇలా ఒక్కొక్క హల్లుగా అరిగిపోతుంది.

రాజ్యాంగం 29వ అధికరణం మొదటి ఖండాన్ని ఒకసారి శ్రద్ధగా చదవండి. ప్రత్యేకమైన భాష, లిపి లేదా సంస్కృతి కలిగిన పౌరసమూహం దానిని కాపాడుకునే హక్కును అది ఇస్తున్నది. భాష అని చెప్పి ఊరుకోలేదు, లిపిని వేరుగా పేర్కొన్నది. రాజ్యాంగకర్తలు ఆ మాటను ఊరికే వేయలేదు. నేడు లిపి బతికేది తెరమీద, మీటల పలకమీద. అక్కడ లేని లిపి కాపాడబడుతున్నదని చెప్పడం ఆత్మవంచన.

ఇచ్చిన యంత్రంలో నిద్రపోయిన తెలుగు

2011 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్ పథకాన్ని ప్రారంభించింది. ఆ యంత్రాలలో కొన్ని విడతలలో విండోస్‌తో పాటు బాస్ లినక్సు కూడా వచ్చింది. బాస్ అంటే భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్. చెన్నైలోని సీ-డాక్ దానిని డెబియన్ లినక్సు ఆధారంగా తయారుచేసి 2007లో విడుదల చేసింది. తమిళంతో పాటు తెలుగు మొదలైన పలు భారతీయ భాషలకు అందులో వసతి ఉన్నది. అంటే ఒట్టపిడారం తెలుగు పిల్లవాడి చేతికి అందిన పెట్టెలో తెలుగు అప్పటికే ఉన్నది. దానిని లేపి కూర్చోబెట్టినవారే లేరు. ప్రభుత్వం చెప్పలేదు. మన సంఘాలు అడగలేదు. పిల్లవాడికి తెలియలేదు.

2025-26 బడ్జెటులో అదే ప్రభుత్వం రెండేళ్ళలో 20 లక్షల మంది కళాశాల విద్యార్థులకు ల్యాప్‌టాపులో ట్యాబులో ఇస్తామని ప్రకటించింది. ఈసారైనా మనం నిద్ర లేస్తామా? అసలు సంగతి అంతకన్నా లోతుగా ఉన్నది. ఎవరో ఇచ్చే యంత్రంలో ఎవరో పెట్టిన తెలుగు కోసం ఎదురుచూడవలసిన అవసరమే లేదు. మన స్థాపన ఇమేజిని మనమే తయారుచేసుకోవచ్చు. అందులోని కెర్నెలును సైతం మనకు కావలసిన విధంగా మార్చుకోవచ్చు. ఇది కలగాదు, వేలమంది రోజూ చేస్తున్న పని.

గింజను ఎందుకు మార్చాలి?

కెర్నెలు అంటే గింజలోని పప్పు. లినక్సులో యంత్రానికీ మనకూ నడుమ నిలిచి ప్రాసెసరునూ, జ్ఞాపకశక్తినీ, డిస్కునూ, వైఫైనీ నడిపేది అదే. దానిపైన ఉండే పొట్టు, రెమ్మ, ఆకు వంటివి అక్షరరూపాలు, మెనూలు, మీటల అమరికలు, బ్రౌజరు. తెలుగు ఉండేది ఈ పై పొరలలో. కెర్నెలుకు తెలుగు తెలియదు. లినక్సు నలుపు తెర కన్సోలుకు ఒకేసారి 512 అక్షరాకృతులకు మించి పట్టవు. ఒత్తులూ గుణింతాలూ కూర్చడం దానికి చేతకాదు. అందుకే డెబియన్ స్థాపన కార్యక్రమంలో తెలుగును ఎంచుకోవాలంటే చిత్రరూప పద్ధతిలోనే వీలవుతుంది.

మరి భాష కోసం పోరాడేవారికి కెర్నెలుతో పని ఏమిటి? పని ఉన్నది. కెర్నెలు లేవకపోతే దానిపైన ఉన్న తెలుగు కూడా లేవదు. మన పల్లె బడులకు, సంఘాల గ్రంథాలయాలకు దానంగా వచ్చేవి నగరం వాడి వదిలేసిన యంత్రాలు. వాటిలో కొన్ని 32 బిట్ల ప్రాసెసర్లవి. ఉబుంటు 2017 అక్టోబరులో వచ్చిన 17.10 నుండి 32 బిట్ల డెస్క్‌టాప్ ఇమేజిని ఆపివేసింది. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13లో 32 బిట్ల పీసీలకు అధికారిక కెర్నెలూ లేదు, స్థాపన కార్యక్రమమూ లేదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్టు సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 అడిగే భద్రతా చిప్పు పాత యంత్రాలలో ఉండదు. పెద్ద సంస్థల లెక్కలో ఇవన్నీ చెత్త. మన లెక్కలో ఇవి తెలుగు బడులు.

దీనికి ఎదురు సమస్య కూడా ఉన్నది. నిన్న కొన్న కొత్త ల్యాప్‌టాప్‌లో పాత కెర్నెలు వైఫైని గుర్తించదు, తెరను సరిగా వెలిగించదు. అక్కడ కొత్త కెర్నెలు కావాలి. డెబియన్‌లో బ్యాక్‌పోర్ట్స్ అనే ఖజానా ఉన్నది ఇందుకే. ఇంటింటికీ ఒకే కొలత చొక్కా కుట్టించలేము గదా! కెర్నెలు కూడా అంతే.

మార్చే తీరు

ఈ పని బ్రహ్మవిద్య అని బెదిరించేవారు ఉన్నారు. తీరు చెబుతాను, మీరే తేల్చుకోండి. స్థాపన ఇమేజి అన్నది ఐఎస్ఓ అనే ఒకే ఒక్క ఫైలు. దానిని విప్పితే లోపల ప్రధానంగా నాలుగు వస్తువులుంటాయి: యంత్రాన్ని మేల్కొలిపే బూట్ లోడరు, కెర్నెలు, ఇనిట్‌ఆర్‌డీ అనే తొలి సామగ్రి మూట, స్క్వాష్‌ఎఫ్ఎస్ అనే గట్టిగా నొక్కిన అసలు వ్యవస్థ. స్క్వాష్‌ఎఫ్ఎస్‌ను విప్పి, క్రూట్ అనే ఆదేశంతో దాని లోపలికి ప్రవేశించాలి. అక్కడ మనకు కావలసిన కెర్నెలు ప్యాకేజీని స్థాపించి, అక్కరలేనిదాన్ని తీసివేయాలి. అక్కడే తెలుగు భారతదేశ లొకేలును పుట్టించాలి. అక్షరరూపాలను చేర్చాలి. లోహిత్ ఉన్నది, తెలుగు విజయం అక్షరరూపాలు డెబియన్ ప్యాకేజీగానే ఉన్నాయి, వాటిలో గిడుగు పేరిట ఒకటి, గురజాడ పేరిట ఒకటి. మీటల అమరికగా ఇన్‌స్క్రిప్ట్‌ను పెట్టాలి. తర్వాత ఇనిట్‌ఆర్‌డీని మళ్ళీ కట్టి, కొత్త కెర్నెలునూ కొత్త ఇనిట్‌ఆర్‌డీనీ బూట్ లోడరు చూసే చోటికి నకలు చేసి, స్క్వాష్‌ఎఫ్ఎస్‌ను తిరిగి నొక్కి, ఐఎస్ఓను మూటగట్టి, సరిచూపు సంఖ్యను తీయాలి. ఈ వరుసనంతా తనంతట తాను చేసిపెట్టే లైవ్-బిల్డ్ అనే పనిముట్టు డెబియన్‌లోనే ఉన్నది.

ఇందులో ఒక చిక్కు ఉన్నది, దానిని దాచను. కెర్నెలును మాత్రమే మార్చి దాని మాడ్యూళ్ళను మార్చకపోతే స్థాపన నడుమదారిలో ఆగిపోతుంది. ఈ కెర్నెలుకు తగిన మాడ్యూళ్ళు దొరకలేదని తెరమీద కనబడుతుంది. రెండింటి సంచిక సంఖ్య అక్షరాలా ఒక్కటై ఉండాలి. ఈ చిక్కు చూసినప్పుడల్లా నాకు మన 350-ఏ అధికరణం గుర్తుకు వస్తుంది. ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు తల్లినుడిలో బోధనకు తగిన సదుపాయాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని 1956లో ఏడవ సవరణ ద్వారా చేర్చారు. అధికరణం వచ్చింది. దానితో కలిసి పనిచేయవలసిన ఉపాధ్యాయుడు రాలేదు, పుస్తకం రాలేదు. మాడ్యూళ్ళు లేని కెర్నెలు అది.

మరొక జాగ్రత్త. కొత్త యంత్రాలలోని సెక్యూర్ బూట్ సంతకం లేని కెర్నెలును లోనికి రానివ్వదు. దానిని ఆపుకోవాలి, లేదా మన తాళంచెవిని నమోదు చేయాలి. భద్రతా సవరణలు ఆగిపోయిన పాత కెర్నెలు ఉన్న యంత్రాన్ని అంతర్జాలానికి కలపకూడదు. చదువుకూ రాతకూ విడిగా వాడుకోవాలి.

లైసెన్సు చెప్పేది

న్యాయవాదిగా నాకు ఈ వ్యవహారంలో మిక్కిలి ముచ్చటైనది లైసెన్సు. లినక్సు కెర్నెలు 1991 నాటి జీపీఎల్ రెండవ సంచిక కింద ఉన్నది. నకలు చేయవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు, పంచినందుకు రుసుము కూడా తీసుకోవచ్చు. ఎవరి అనుమతీ అక్కరలేదు. ఒక బాధ్యత మాత్రం ఉన్నది: మార్చిన కెర్నెలును పంచేవారు దాని మూలసంకేతాన్ని కూడా ఇవ్వాలి, లేదా అడిగితే ఇస్తామని రాతపూర్వకంగా చెప్పాలి. కనుక మనం ఇమేజిని పంచేటప్పుడు మూలసంకేతాన్నీ జతచేద్దాం. మార్చిన ఇమేజికి ఉబుంటు వంటి నమోదైన పేర్లు తగిలించకుండా మన పేరు మనమే పెట్టుకుందాం. హక్కు అడిగేవాడు బాధ్యతలో ముందుండాలి.

మెనూలలోని మాటలను సైతం మార్చుకోవచ్చు. హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చున్న అనువాదకుడు వేసిన మాట మా కరిసల్ సీమ పిల్లవాడికి కొరుకుడు పడకపోతే, అనువాద ఫైలు తెరిచి మా వాడుక మాటను పెట్టుకుంటాం. రెండు వందల ఏళ్ళుగా మా మాటను ఏ పుస్తకమూ అచ్చు వేయలేదు. ఈ ఫైలు వేయనిస్తుంది.

అనేవారు అంటారు

‘పైనుంచి వచ్చిన యంత్రం వకీలు సార్, మనం చేయి పెట్టకూడదు’ అని మా ప్రాంతపు పాఠశాల నిర్వాహకుడొకరు నాతో అన్నారు. చేయి పెట్టనక్కరలేదు. లైవ్ ఇమేజిని యూఎస్‌బీ కడ్డీలో పెట్టి నడిపితే డిస్కును ముట్టుకోదు. కడ్డీ తీయగానే యంత్రం ఎప్పటిలాగే ఉంటుంది. భయపడవలసినది యంత్రం గురించి కాదు, మన జంకు గురించి.

‘ఫోనులో తెలుగు ఉన్నది గదా’ అంటారు. ఉన్నది. ఆ ఆండ్రాయిడ్ ఫోనులో నడిచేది కూడా మార్చిన లినక్సు కెర్నెలే. ఫోను తయారీదార్లు తమ లాభానికి తగినట్లు దానిని మార్చుకున్నారు. వారికి ఉన్న హక్కే మనకూ ఉన్నది. పైగా ఫోను చూడడానికి అనువైనది. వ్యాసమో, అర్జీయో, కథయో రాయడానికి మీటల పలక కావాలి. చూసే జాతిగా మిగలడం నాకు ఇష్టం లేదు.

‘మన పిల్లలకు తెలుగు చదవడమే రాదు, తెలుగు మెనూ ఎందుకు?’ అంటారు. ఇది గట్టి అభ్యంతరం, దీనిని తోసిపుచ్చను. అందుకే మన ఇమేజి ఉత్త అనువాదమైతే చాలదు. చదివి వినిపించే ఈస్పీక్ వంటి పనిముట్లు తెలుగును పలుకుతాయి. వాటిని అందులో పెట్టాలి. తమిళ లిపి తెలిసిన పిల్లవాడికి తెలుగు లిపి నేర్పే పాఠాలు పెట్టాలి. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో భారతీయ లిపులన్నిటికీ ‘క’ ఒకే మీట మీద ఉంటుంది. ఒక లిపిలో వేళ్ళు అలవాటైనవాడు మరో లిపిని త్వరగా పట్టుకుంటాడు.

‘ఇది తమిళానికి వ్యతిరేకం’ అని గిట్టనివారు అంటారు. కానే కాదు. తమిళులు కంప్యూటరులో తమ నుడిని నిలబెట్టుకున్న తీరు మనకు గురుపాఠం. 1999లోనే తమిళ్99 మీటల అమరికను వారి ప్రభుత్వం ప్రమాణంగా స్వీకరించింది. మేము ఆ భాషలో చదువుకున్నాం, ఆ భాషను ప్రేమిస్తాం. వారు తమ నుడికి చేసుకున్నదే మేము మా నుడికి చేసుకుంటామంటున్నాం. కేరళను చూడండి. ఐటీ@స్కూల్ పథకంగా 2001లో మొదలై, 2017లో కైట్ అనే సంస్థగా మారిన ఆ వ్యవస్థ, బడులకు కావలసిన లినక్సు ఇమేజిని తానే మలచుకుంటున్నది. అక్కడి కంప్యూటరు పాఠ్యపుస్తకాలు మలయాళంతో పాటు తమిళ, కన్నడ మాధ్యమాలలోనూ వస్తాయి. కేరళలోని తమిళ పిల్లవాడికి దక్కినది తమిళనాడులోని తెలుగు పిల్లవాడికి ఎందుకు దక్కకూడదు?

ఒట్టపిడారం వకీలు ఓడ

ఈ ఊరిలో 1872 సెప్టెంబరు 5న ఒక బిడ్డ పుట్టాడు. ఆయన తమిళుడు, వృత్తికి వకీలు, పేరు వ.ఉ. చిదంబరం పిళ్ళై. తూత్తుకుడి సముద్రం మీద ఆంగ్లేయుల ఓడల కంపెనీ పెత్తనం చేస్తుంటే, కోర్టులో వాదించి ఊరుకోలేదు. 1906లో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టి, ఓడలు కొని, సముద్రం మీదికి తోలాడు. ఎదుటి కంపెనీ ఛార్జీలు తగ్గించి ప్రయాణికులను లాక్కున్నది. 1908లో ఆయనను జైలుకు పంపారు. ఆయన లేని కంపెనీ నిలవలేకపోయింది.

ఆ కథలో నాకు రెండు పాఠాలు కనబడతాయి. ఒకటి, పరాయి ఓడలో చోటు కోసం అర్జీ పెట్టడం ఒక పని, సొంత ఓడను తోలడం మరొక పని, రెండూ చేయాలి. రెండు, ఒక్క మనిషి మీద నిలిచిన ఓడ ఆ మనిషితోనే మునుగుతుంది. తెలుగు కంప్యూటరు ప్రయత్నాలకు ఈ రెండవ పాఠం మరీ అవసరం. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ తెలుగు లినక్సును తయారుచేసింది. పోతన, వేమన అక్షరరూపాలను తిరుమల కృష్ణ దేశికాచార్యులు ఒంటిచేత్తో రూపొందించి ఉచితంగా ఇచ్చారు. ఇంత చేసినవారుండగా, డెస్క్‌టాపుల తెలుగు అనువాదాలు నేటికీ అసంపూర్తిగా ఎందుకున్నాయి? చేసినవారి చేతినుండి పని అందుకునే రెండవ చేయి లేకపోవడం వల్ల. కెర్నెలుకు కొన్ని వారాలకొక సవరణ వస్తుంది. ఇమేజిని ఒకసారి చేసి పండుగ చేసుకుంటే చాలదు, ఏళ్ళ తరబడి సాకాలి.

తెలుగు ప్రభుత్వాల సంగతి చెప్పకుండా ముగించలేను. 2012 డిసెంబరులో తిరుపతిలో, 2017 డిసెంబరులో హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. శాలువాలు కప్పారు, తోరణాలు కట్టారు. ఆ తోరణాల ఖర్చులో పిసరంత పెడితే, పొరుగు రాష్ట్రాల తెలుగు బడులకు ఒక ఇమేజిని కలకాలం సాకే నలుగురు యువకులకు జీతం వస్తుంది. ప్రపంచమంటే అమెరికా ఒక్కటే కాదు, ఒట్టపిడారం కూడా ప్రపంచంలోనే ఉన్నది.

చేయవలసినవి

ఒకటి: దక్షిణ తమిళనాడు తెలుగు సంఘాలు కలిసి ఒక తెలుగు స్థాపన ఇమేజిని చేపట్టాలి. అది రెండు రూపాలలో ఉండాలి: కొత్త యంత్రాలకు కొత్త కెర్నెలుతో ఒకటి, అంతర్జాలం అక్కరలేని పాత 32 బిట్ల యంత్రాలకు తగిన కెర్నెలుతో మరొకటి. మూలసంకేతమూ, సరిచూపు సంఖ్యా వాటి వెంట ఉండాలి. సాకే బాధ్యత కనీసం ముగ్గురి మీద ఉండాలి.

రెండు: ప్రభుత్వం పంచే ల్యాప్‌టాపులలో తెలుగు అక్షరరూపాలు, మీటల అమరిక సిద్ధంగా ఉంచాలనీ, వాడే తీరును తెలుగులో చెప్పే కరపత్రం జతచేయాలనీ అర్జీలు పెట్టాలి. 350వ అధికరణం ప్రకారం కేంద్రంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోవచ్చు. కనుక ఆ అర్జీని తెలుగులోనే, మన ఇమేజి మీదనే టైపు చేసి పంపండి. ఒక నకలు 350-బి అధికరణం కింద పనిచేసే భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు వెళ్ళాలి. 350-ఏలోని ‘సదుపాయాలు’ అన్న మాటలో నేడు కంప్యూటరు కూడా చేరుతుందని వాదించడానికి ఆ అర్జీలే మనకు రేపటి సాక్ష్యం.

మూడు: ప్రతి ఊరినుండి ఒక్క యువకుడో యువతియో ఈ విద్య నేర్చుకోవాలి. పత్తిగింజ ఏది ఏ నేలకు పనికివస్తుందో చేతిలోకి తీసుకొని చెప్పగల రైతుల బిడ్డలం మనం. ఈ గింజ అంతకన్నా కష్టమైనది కాదు.

లైసెన్సు అడ్డుపడటం లేదు. రాజ్యాంగం అడ్డుపడటం లేదు. పనిముట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. ఇక ఈ నేలమీద తెలుగు తెరకెక్కకపోతే తప్పు ఎవరిదో చెప్పడానికి కోర్టు అక్కరలేదు.